12+ అంటే ఎవరి పన్నెండు?

(బెంగళూరు మారతహళ్లిలోని ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలో, తెలుగు కుటుంబాల ఆదివారపు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. వెనక వరుసలో కూర్చున్న పిల్లలకు కూడా నమస్కారం. ఈ సాయంత్రం మాట్లాడబోయేది మీ గురించే కనుక, మీకు అభ్యంతరం అనిపించిన చోట చెయ్యెత్తండి, ఆగి వింటాను.

నేను పద్నాలుగేళ్లుగా ఈ ఊళ్లో వీడియో గేమ్‌లను పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాను. గేమ్ బయటికి వెళ్లే ముందు అందులోని తప్పులు వెతకడం మా పని. దానితోపాటు, గేమ్‌ను ప్లే స్టోర్‌లోకి ఎక్కించేటప్పుడు వయసు రేటింగ్ కోసం నింపవలసిన ప్రశ్నావళి కూడా చాలాసార్లు నా చేతి మీదుగానే వెళ్లింది. ఆ సంగతి తెలిసిన తల్లులు లిఫ్టులో కనబడినప్పుడల్లా నన్ను ఒకే మాట అడుగుతారు: "మా వాడికి పదకొండేళ్లు, ఆ గేమ్ మీద 12+ అని ఉంది, ఇవ్వొచ్చా?" దానికి లిఫ్టులో నిలబడి జవాబు చెప్పలేను కనుకనే ఈ రోజు ఇక్కడ కొంత సమయం అడిగి తీసుకున్నాను.

ముందుగా ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో చెప్తాను. సినిమాకు మన దేశంలో సెన్సార్ బోర్డు ఉంది. సభ్యులు కూర్చుని సినిమా చూసి సర్టిఫికెట్ ఇస్తారు. 2024 నుంచి యూఏ అన్న తరగతిని కూడా 7+, 13+, 16+ అని మూడుగా విడదీశారు. గేమ్‌లకు అటువంటి బోర్డు మనకు లేదు. ప్లే స్టోర్‌లో మీరు చూసే 3+, 7+, 12+, 16+, 18+ అన్న అంకెలు ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ ఏర్పాటు ద్వారా వస్తాయి. గేమ్ తయారుచేసినవాళ్లే ప్రశ్నావళి నింపుతారు: హింస ఉందా, ఉంటే రక్తం కనిపిస్తుందా, దెబ్బ తినేది మనిషా లేక బొమ్మలాంటి పాత్రా, భయపెట్టే దృశ్యాలున్నాయా, బూతులున్నాయా, మద్యం, సిగరెట్టు, జూదం ఉన్నాయా అని. జవాబులు పూర్తయిన వెంటనే కంప్యూటరే లెక్కగట్టి అమెరికాకు ఒక రేటింగ్, ఐరోపాకు ఒకటి, జర్మనీకి ఒకటి, సొంత బోర్డు లేని మనలాంటి దేశాలకు ఒకటి ఇస్తుంది. ఐఫోన్ లెక్క మళ్లీ వేరు. ఆపిల్‌కు సొంత వర్గీకరణ ఉంది. అందులో 4+, 9+, 12+, 17+ అని ఉండిన తరగతులను 2025లో 4+, 9+, 13+, 16+, 18+ అని మార్చారు. కనుక ఒకే ఇంట్లో, ఒకే గేమ్‌కు, నాన్న ఫోన్‌లో ఒక అంకె, అమ్మ ఫోన్‌లో మరొక అంకె కనబడవచ్చు.

నేను ఆ ప్రశ్నావళిని నిజాయితీగా నింపాను, నాతోటివాళ్లూ అలాగే నింపడం చూశాను. నా అభ్యంతరం ఆ ప్రశ్నల నిజాయితీ గురించి కాదు. ఆ ప్రశ్నలన్నీ గేమ్‌లో ఏముందో అడుగుతాయి. ఆడబోయే పిల్లలో ఏముందో అడిగే ప్రశ్న అందులో ఒక్కటీ లేదు, ఉండే వీలు కూడా లేదు.

ఈ పద్ధతి పుట్టుక చూస్తే అది ఎందుకలా ఉందో అర్థమవుతుంది. 1993లో మోర్టల్ కాంబాట్ అనే పోరాటపు గేమ్ ఇళ్లలోని టీవీల్లోకి వచ్చింది. ఓడినవాడి తల తెంచడం, గుండె పెరికి తీయడం అందులో ఉన్నాయి. అది చూసి అమెరికా సెనేట్ ఆ డిసెంబరులో విచారణ జరిపింది. ప్రభుత్వమే చట్టం చేసేలోపు పరిశ్రమ తనంతట తాను 1994లో ఈఎస్‌ఆర్‌బీ అనే రేటింగ్ సంస్థను ఏర్పాటు చేసుకుంది. ఐరోపాలో పెగి అనే పద్ధతి 2003లో వచ్చింది. అంటే రేటింగ్ పుట్టింది అంగడి కోసం. డబ్బా మీద గుర్తు ఉంటే, పదేళ్ల పిల్లవాడు ఒంటరిగా వచ్చి అడిగినప్పుడు దుకాణదారు ఇవ్వాలో వద్దో తేల్చుకోగలడు. దుకాణదారుకు ఆ పిల్లవాడి మనసు తెలియదు, తెలుసుకునే తీరికా లేదు, అతనికి అంకె చాలు. ఇంట్లో ఉన్న మనకు కూడా అదే అంకె చాలుతుందని ఎప్పుడు అనుకున్నామో, అక్కడే తేడా వచ్చింది. అమెరికా రేటింగ్‌లో 17+ గేమ్ మీద వేసే గుర్తుకు 'మెచ్యూర్' అని పేరు పెట్టారు. పేరేమో పరిణతిది, కొలిచేది మాత్రం పుట్టినరోజుతో.

ఆ మాట వచ్చింది కనుక ఇంకొకటి చెప్పి ముందుకు వెళ్తాను. మన తెలుగు ఇళ్లలో 'మెచ్యూర్ అయింది' అంటే ఏమిటో ఇక్కడున్న ప్రతి స్త్రీకీ తెలుసు. నేను పన్నెండో ఏట పెద్దమనిషినయ్యాను. ఆ రోజు నుంచి వీధిలో కుంటాట, కబడ్డీ నాకు బంద్. నా మనసు ఏమాత్రం మారలేదు, నిన్నటి పిల్లనే నేను, కానీ ఒంటి లెక్క చూసి ఇంట్లోవాళ్లు నా ఆట ఆపేశారు. బయటి లెక్క ఒకటి చూసి లోపలి మనిషిని తేల్చేయడం ఎంత బాధపెడుతుందో నాకు అప్పుడే తెలిసింది. ఈ విషయం మీద ఇంత పట్టుదలగా మాట్లాడటానికి అది కూడా ఒక కారణం.

మాది కదిరి దగ్గర పల్లె. కదిరి అంటే నరసింహస్వామి ఊరు, ఆ కథ వినకుండా మా పిల్లలెవరూ పెరగరు. స్తంభం చీల్చుకుని వచ్చిన స్వామి, ఒక తండ్రిని కొడుకు కళ్లెదుటే గడప మీద తొడపై వేసుకుని, గోళ్లతో పొట్ట చీల్చి పేగులు మెడలో వేసుకున్న కథ అది. మా ప్రశ్నావళిలో నింపితే పెద్ద అంకె తప్ప మరొకటి రాదు. ఆ కథను మా అవ్వ నాకు ఆరో ఏట మొత్తం చెప్పింది. నాకంటే రెండేళ్లు పెద్దవాడైన మా అన్నయ్యకు మాత్రం స్తంభం పగలడం దగ్గర ఆపి, స్వామి ప్రహ్లాదుణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడని ముగించేది. ఎందుకంటే మొదటిసారి ఆ కథ పూర్తిగా విన్న రాత్రి అన్నయ్య నిద్రలో లేచి, చీకట్లో తడుముకుంటూ వెళ్లి, నాన్న పడుకున్న మంచం పట్టుకుని కూర్చున్నాడు. వాడిని భయపెట్టింది నెత్తురు కాదు, ఒక పిల్లవాడి తండ్రి పోవడం. అది అవ్వ గమనించింది. రెండేళ్ల తర్వాత, తిరునాళ్లకు వెళ్లి వచ్చిన రోజున, వాడే అడిగితే మిగతా కథ చెప్పింది. మా ఇద్దరిలో ఎవరి వయసెంతో ఆమె ఎప్పుడూ లెక్కపెట్టలేదు. కథ చెప్తూ మా ముఖాలు చూసేది.

2011లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఇటువంటి ప్రశ్నే వచ్చింది. హింసాత్మకమైన గేమ్‌లను 18 ఏళ్లలోపు వారికి అమ్మడాన్ని నిషేధిస్తూ కాలిఫోర్నియా 2005లో చట్టం చేస్తే, కోర్టు 7-2 తేడాతో దాన్ని కొట్టివేసింది. పిల్లలకు తరతరాలుగా చెప్తున్న జానపద కథల్లో కూడా క్రూరత్వానికి కొదవ లేదని తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా గుర్తుచేశారు. ఆ మాటతో నేను ఏకీభవిస్తాను కానీ సగమే. కథలో క్రూరత్వం ఎప్పుడూ ఉంది, నిజమే. అయితే కథ చెప్పేటప్పుడు పక్కన అవ్వ ఉండేది. ఈ ఊళ్లో బడి బస్సు నాలుగు గంటలకు పిల్లను దించి పోతే, అమ్మానాన్నలు రింగు రోడ్డు దాటుకుని ఇల్లు చేరేసరికి ఏడున్నర అవుతుంది. ఆ మూడున్నర గంటల్లో కథ ఉంది, క్రూరత్వం ఉంది, ముఖం చూసేవాళ్లు లేరు.

హింస గురించి మీలో చాలామందికి ఉన్న భయం నాకు తెలుసు కనుక, ఆ ముక్క త్వరగా చెప్పేస్తాను. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రిటన్‌లో 14, 15 ఏళ్ల పిల్లలు వెయ్యిమందికి పైగా తీసుకుని, వాళ్లు ఆడే గేమ్‌ల హింసను ఈ అధికారిక రేటింగ్‌ల ఆధారంగానే కొలిచి, వాళ్ల దుడుకు ప్రవర్తనతో పోల్చి చూశారు. రెంటికీ సంబంధం కనబడలేదు. అమెరికన్ మనస్తత్వవేత్తల సంఘం 2020లో, అరవడం, తోయడం వంటి దుడుకుతనంతో చిన్న సంబంధం ఉందని చెప్తూనే, నిజమైన హింసా ఘటనలకు గేమ్‌లే కారణమనడానికి తగిన ఆధారం లేదని స్పష్టం చేసింది. అంటే మనం తుపాకీని చూస్తూ కూర్చుంటున్నాం. పిల్లలు జారిపడుతున్నది వేరే చోట.

ఎక్కడో మా ఇంటి నుంచే చెప్తాను. మా అమ్మాయికి పదిహేనేళ్లు. బాగా చదువుతుంది, వాదనలో దాన్ని గెలవడం కష్టం. మా మేనల్లుడు, అంటే ఆ అన్నయ్య కొడుకు, కదిరి నుంచి వేసవి సెలవులకు వచ్చాడు, అప్పుడు వాడికి పదకొండు. నేను సాయంత్రాలు దిస్ వార్ ఆఫ్ మైన్ అనే గేమ్ ఆడుకుంటున్నాను. ముట్టడిలో చిక్కుకున్న నగరంలో, సైనికులు కాని మామూలు మనుషులు తిండికి, మందులకు అల్లాడే కథ అది. పోలండ్ ప్రభుత్వం 2020లో దాన్ని ఉన్నత పాఠశాల విద్యార్థులకు సిఫారసు చేసే జాబితాలో చేర్చింది. అంకె ప్రకారం అది పదకొండేళ్లవాడికి తగదు. వాడు వచ్చి పక్కన కూర్చున్నాడు, నేను పంపేయలేదు. అందులో ఒక ముసలి దంపతుల ఇంట్లో దొంగతనానికి వెళ్లే ఘట్టం ఉంది. మన మనిషి ఆకలితో చచ్చిపోయేలా ఉన్నాడు, వాళ్ల దగ్గర తిండి ఉంది. వాడు చాలాసేపు తెర వైపు చూసి, "అత్తా, తిండి సగం తీసుకుందాం, మందులు మాత్రం వద్దు" అన్నాడు. మర్నాడు పొద్దున పాలు తాగుతూ, "మన ఊరికి యుద్ధం వస్తే జేజికి బీపీ మాత్రలు ఎవరు తెస్తారు?" అని అడిగాడు. ఆ ప్రశ్న మీద మేమిద్దరం గంటసేపు మాట్లాడుకున్నాం.

అదే నెలలో మా అమ్మాయి ఒక కార్ల పందెపు గేమ్ ఆడేది. దాని మీద 3+ అని ఉంది. మూడేళ్ల పిల్లలకే తగిన గేమ్ కదా అని నేను తెరిచి కూడా చూడలేదు, ఆ తప్పు నాది. అందులో మూసిన పెట్టెలు అమ్ముతారు, ఏ కారు వస్తుందో తెరిస్తేనే తెలుస్తుంది. నా యూపీఐ పిన్ దానికి తెలుసు. తొమ్మిది రోజుల్లో 6,200 రూపాయలు పోయాయి. తెలిసిన తర్వాత నేను అరవలేదు, పక్కన కూర్చుని అడిగాను. అది అన్న మాట నాకు ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది: "నాకు సంభావ్యత లెక్క తెలుసమ్మా, రాదని కూడా తెలుసు, అయినా చెయ్యి ఆగలేదు."

ఈ ఇద్దరిలో ఎవరు ఎక్కువ పరిణతి గలవారు? నేను చాలాకాలం ఈ ప్రశ్నతో సతమతమై, ప్రశ్నే తప్పని గ్రహించాను. పరిణతి ఒక చెంబులో నీళ్లలాగా ఇంత అని కొలిచే ఒకే పదార్థం కాదు. దుఃఖాన్ని చూసి తట్టుకునే పరిణతి వేరు, డబ్బు దగ్గర చెయ్యి ఆపుకునే పరిణతి వేరు, ముక్కూమొహం తెలియని మనిషి తీయగా మాట్లాడితే అనుమానించగల పరిణతి వేరు, ఓడిపోయి ఫోన్ పక్కన పెట్టగల పరిణతి వేరు. ఒకే పిల్లలో ఇవి ఒకదానికొకటి సంబంధం లేకుండా, ఒకటి ముందు, ఒకటి వెనక పెరుగుతాయి. "మా వాడు చాలా మెచ్యూర్డ్ అండీ" అని నాతో అన్న తండ్రుల్లో ఎక్కువమంది నిజానికి చెప్తున్నది, వాడికి మంచి మార్కులు వస్తాయని, లేదా ఇంట్లో అల్లరి చేయడని. ఆ రెండూ మంచివే, కానీ వీటిలో ఏ ఒక్కదానికీ అవి కొలత కావు.

ఈ తేడాకు శాస్త్రపు ఆధారం కూడా ఉంది. లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త బృందం మన దేశంతో కలిపి 11 దేశాల్లో, 10 నుంచి 30 ఏళ్ల మధ్యవారు అయిదు వేలమందికి పైగా పరీక్షించి, 2019లో ఫలితాలు ప్రకటించింది. తొందర లేకుండా, ప్రశాంతంగా ఆలోచించే శక్తి పదహారేళ్ల ప్రాంతంలోనే పెద్దవాళ్ల స్థాయికి వస్తుంది. ఉద్వేగంలో, తోటివాళ్ల మధ్యలో ఉన్నప్పుడు తనను తాను ఆపుకునే శక్తి మాత్రం పద్దెనిమిది దాటాక కూడా పెరుగుతూనే ఉంటుంది. భోజనాల దగ్గర జూదం తప్పని చక్కగా వాదించిన పిల్లే, రాత్రి పదకొండుకు నలుగురు స్నేహితులతో మ్యాచ్‌లో ఉండగా ఆపలేకపోవడం అబద్ధమాడటం కాదు. అవి రెండు వేరు వేరు శక్తులు. తండ్రులకు ఇక్కడ ఒక మాట. బీజీఎంఐ లాంటి గేమ్‌లో ఒక మ్యాచ్ అరగంట వరకు సాగుతుంది, మధ్యలో లేచిపోతే జట్టులో ముగ్గురు నష్టపోతారు. "ఇప్పుడే కట్టెయ్" అని మీరు అరిచినప్పుడు పిల్లవాడికి వినిపించేది "నీ స్నేహితుల్ని వదిలేసి రా" అని. "ఈ మ్యాచ్ అయ్యాక లే" అని ముందే చెప్పి చూడండి, మాట నిలబెట్టుకుంటే మెచ్చుకోండి, నిలబెట్టుకోకపోతే ఆ పరిణతి ఇంకా రాలేదని తెలుసుకుని మర్నాడు మ్యాచ్‌లు తగ్గించండి.

అంకె చూడని చోట్లు ఇంకా ఉన్నాయి. బలాట్రో అని 2024లో ఒక గేమ్ వచ్చింది. పేకముక్కలతో, పోకర్ వరుసలతో ఆడేది, ఒకే ఒక్కరు తయారుచేశారు, అందులో డబ్బు పందెం లేదు. పేక కనబడింది కనుక ఐరోపాలో దానికి 18 ఇచ్చారు, అప్పీలు చేసిన తర్వాత 2025 ఫిబ్రవరిలో 12కు తగ్గించారు. అదే ఐరోపాలో, ఏ ఆటగాడి కార్డు వస్తుందో తెలియని ప్యాకెట్లు డబ్బుకు అమ్మే ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ గేమ్‌కు 2025లో కూడా 3 అనే ఇచ్చారు. 'యాదృచ్ఛిక వస్తువుల అమ్మకం ఉంది' అన్న హెచ్చరిక 2020 నుంచి పక్కన చిన్న అక్షరాల్లో వేస్తున్నారు, కానీ అప్పటికి అంకె మారలేదు. పేకముక్క బొమ్మ చూసి భయపడి, నిజంగా డబ్బు పోయే చోటును పసిపిల్లలకు వదలడం నాకు ఏ కోణంలోనూ న్యాయంగా కనబడదు.

తర్వాత, గేమ్‌లో ఇతరులతో మాట్లాడటం. ఇంటర్నెట్‌లో ఆడేవాళ్ల మధ్య మాటలకు తమ రేటింగ్ వర్తించదని ఈఎస్‌ఆర్‌బీయే చెప్తుంది. మైక్ తెరిచి, అవతల ఉన్నది ఆడపిల్ల గొంతని తెలియగానే ఎటువంటి మాటలు వస్తాయో మా పనిలో నేను విన్నాను, ఇక్కడ పలకను. మన ఆడపిల్లలు చాలామంది మైక్ మూసేసి, మగపేరు పెట్టుకుని ఆడతారు. ఇంట్లో చెప్తే అసలు గేమే తీసేస్తారన్న భయంతో చెప్పరు. అమ్మలారా, మీ అమ్మాయి గేమ్‌లో ఏ పేరుతో ఆడుతుందో ఒకసారి అడగండి, ఆ పేరు ఎందుకు ఎంచుకుందో కూడా అడగండి.

ఇన్ని చెప్పాక, అంకెను పారేయమంటున్నానా అని మీకు సందేహం రావచ్చు. పారేయమనడం లేదు. మన చట్టం దీన్ని చాలాకాలం క్రితమే ఆలోచించింది. 1860 నాటి శిక్షాస్మృతిలో ఉన్నదే, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 20, 21 సెక్షన్లుగా ఉంది. ఏడేళ్లలోపు పిల్లలు చేసింది నేరమే కాదు. ఏడు నుంచి పన్నెండు మధ్య అయితే, తాను చేసిన పని ఎటువంటిదో, దాని ఫలితమేమిటో గ్రహించేంత పరిణతి ఆ పిల్లలో ఉందా లేదా అని చూడాలి. అంటే రెండు అంకెల మధ్య కొంత జాగా వదిలి, అక్కడ ఈ పిల్లను చూడు అన్నారు. గేమ్‌ల విషయంలో కూడా నేను కోరేది అదే. ఏడేళ్లలోపు పిల్లల దగ్గర అంకెను మీరవద్దు. డబ్బు పందెం కాసే గేమ్‌ల దగ్గర పరిణతి అన్న వాదనే వద్దు. పక్కనున్న తమిళనాడు 2025లో వాటిని 18 ఏళ్లలోపు వారికి నిషేధించి, పెద్దవాళ్లకు కూడా అర్ధరాత్రి నుంచి ఉదయం అయిదు వరకు మూయించింది. ఆ ఆగస్టులో పార్లమెంటు డబ్బు గేమ్‌లనే నిషేధించే చట్టం చేసింది. నేను దాన్ని సమర్థిస్తాను. మధ్యలో ఉన్న పెద్ద జాగా మాత్రం మనది, అక్కడ పిల్లను చూసి నిర్ణయించవలసింది మనమే.

చెయ్యెత్తిన బాబు, చెప్పు నాన్నా. మైకు లేకపోయినా వినిపించింది. "మమ్మల్ని చూడాలంటే మీరు మా పక్కన కూర్చోవాలి కదా, కూర్చోరు కదా" అంటున్నాడు. పెద్దలందరూ విన్నారనుకుంటాను. దానికి నా దగ్గర సమాధానం లేదు, ఒప్పుకోవడం తప్ప.

ఒకవేళ ఆట చెయ్యి దాటిపోయిందనిపిస్తే, అంటే నిద్ర, చదువు, స్నేహాలు అన్నీ దాని వెనక్కి వెళ్లిపోయి నెలల తరబడి అలాగే ఉంటే, మనకు నిమ్హాన్స్ అనే మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఈ ఊళ్లోనే ఉంది. 2014 నుంచి అక్కడ షట్ క్లినిక్ అని ప్రత్యేకంగా ఫోన్, ఇంటర్నెట్, గేమ్‌ల అతివాడకం సమస్యలకే నడుస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గేమింగ్ రుగ్మతను 2022 నుంచి అమలులో ఉన్న తన వ్యాధుల జాబితాలో చేర్చింది. సాధారణంగా 12 నెలల పాటు కనబడితేనే దాన్ని రుగ్మత అంటారు. కనుక రెండు వారాల సెలవుల ఆట చూసి కంగారు పడకండి, ఏడాది పాటు సాగుతున్నదాన్ని సిగ్గుపడి దాచకండి.

మా మేనల్లుడికి ఇప్పుడు పదమూడు. దసరా సెలవులకు వస్తున్నాడు. ఫోన్ చేసి ఒక గేమ్ పేరు చెప్పాడు, దాని మీద 16+ అని ఉంది. గత వారం రాత్రులు నేను దాన్ని మొదటి మూడు గంటల వరకు ఆడి చూశాను. యుద్ధం ఉంది, దాని గురించి నాకు దిగులు లేదు. అందులో ఒక తండ్రి చనిపోతాడు. అన్నయ్యకు ఫోన్ చేసి ఆ సంగతి చెప్పాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత, "ఆ చోటు వచ్చేటప్పుడు నేను కూడా పక్కన ఉంటాను, శనివారం బస్సెక్కి వస్తాను, అంతవరకు ఆపు" అన్నాడు. ఆపుతానని చెప్పాను.